తురహళ్లి అడవిలో ఎంత నడిచినా చెట్లు, బండలు తప్ప ఏమీ కనిపించడం లేదు, అసలు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ. ఇల్లు బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు. ప్రతి ఆదివారం తురహళ్లికో సావనదుర్గకో వెళ్లి ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి వస్తున్నారు. ప్రకృతి నిదానంగా పనిచేస్తుంది, దాని బలం అంతా ఇంతా కాదు అని అందరూ అంటుంటే వింటున్నారు గానీ మీకు చెమట తప్ప ఏమీ దక్కడం లేదు. కదిరి వైపు వ్యవసాయం చేసిన మీ నాన్నగారు ఇప్పుడు మీ దగ్గరే ఉంటున్నారు, ఆయన్నీ వెంట తీసుకెళ్లాలనుకుంటున్నారు. ఏం చూడాలి, ఎలా చూడాలి, దీనికేదైనా యాప్ ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఏడెనిమిది కిలోమీటర్లు మానేసి 400 మీటర్లు నడవండి. దానికి గంటన్నర పెట్టండి. నెలకోసారి, అదే దారిలో, కనీసం ఏడాది పాటు. ఆ దారిలో ఆరేడు ఆనవాళ్లు ఎంచుకోండి. ఒక బండ పొర, ఒక రాతిపువ్వు మచ్చ, ఒక చెట్టు మొదలు, ఒక పుట్ట, బయటపడ్డ ఒక వేరు, ఇలాంటివి. వెళ్లిన ప్రతిసారీ వాటినే కొలిచి, ఫొటో తీసి, తేదీ రాసుకోండి. మిగతా అడవిని ఆ రోజుకి వదిలేయండి.

ఎందుకంటే నిదానంగా జరిగే పని కదలికలా కంటికి ఆనదు. గడియారంలో గంటల ముల్లును ఎంతసేపు చూసినా కదలదు, ఒక కునుకు తీసి లేస్తే జరిగి ఉంటుంది. అడవిలోనూ అంతే. పని జరుగుతుండగా చూడలేం, జరిగిన గుర్తులు మాత్రమే చదవగలం. ఒకే చోటును వేరువేరు నెలల్లో చూడటం ఒక పద్ధతి. ఏడాది ఓపిక లేనివాళ్లు ఒకే రోజున కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అన్నిటికంటే తేలిక, వయసు ముందే తెలిసిన వస్తువును పట్టుకుని దాని మీద ఏం జరిగిందో చూడటం. అందుకే మొదటి ఆదివారం తురహళ్లి వెళ్లొద్దు, లాల్‌బాగ్ వెళ్లండి.

లాల్‌బాగ్ బండ. అది అడవి కాదు కదా అంటారని తెలుసు. కానీ బెంగళూరు చుట్టుపక్కల ఏ అడవిలో నడిచినా కాలి కింద ఉండేది ఆ రాయో, దాని చుట్టమో. కెంపేగౌడ గోపురం నిలబడ్డ ఆ బండను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. ఆ రాతిని పెనిన్సులర్ నైస్ అంటారు. వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. జనం ఆ బోర్డు ముందు ఫొటో దిగి వచ్చేస్తారు గానీ వంగి రాయిని చూసేవాళ్లు తక్కువ. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి చారలు స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లటివి క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ అనే ఖనిజాలు. నల్లటివి ఎక్కువగా నల్ల అభ్రకం. గోధుమపిండి ముద్దలో రాగిపిండి పెట్టి నాలుగు మడతలు వేసి ఒత్తినట్టు ఉంటాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాయి అలా మడత పడాలంటే చల్లగా, గట్టిగా ఉన్నప్పుడు సాధ్యం కాదు, పగిలిపోతుంది. కిలోమీటర్ల లోతున, వేడికీ బరువుకీ మెత్తబడితేనే అలా వంగుతుంది. అంత లోతున తయారైన రాయి ఇప్పుడు పైన ఎండకి ఎండుతోందంటే, దాని నెత్తిన ఉన్న కిలోమీటర్ల రాయంతా ఏమైనట్టు? వాన, గాలి, వేర్లు, పగలూ రాత్రుల వేడి తేడా కలిసి అరగదీసి, ఇసుకగా మట్టిగా మార్చి నదుల్లో కలిపేశాయి. మీరు నిలబడ్డది కొండ నెత్తి కాదు, ఒకప్పటి అడుగు. "ప్రకృతి నిదాన శక్తి" అన్న మాటకి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఈ ఊళ్లో లేదు, అదీ మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో.

ఇక తురహళ్లిలో, సావనదుర్గలో అదే పని ఇప్పుడు ఎలా సాగుతోందో చూడొచ్చు. మొదట చూడాల్సింది ఉల్లిపొర. పెద్ద గుండ్రాయి అంచున, లేదా వాలు బండ మీద, బండ ఆకారాన్నే అనుసరించి పొరలు లేచి ఉంటాయి. వేలెడు మందం నుంచి మూరెడు మందం దాకా ఉండొచ్చు. పైన బరువు పోయినకొద్దీ లోపలి రాయి వ్యాకోచిస్తుంది, పైపొర విడిపోతుంది. తర్వాత ఆ సందులో నీళ్లు చేరి పని కొనసాగిస్తాయి. పొర విడిందో లేదో కంటికి తెలియకపోతే వేలి కణుపుతో తట్టండి. గట్టి బండ మూగగా ఉంటుంది, విడిన పొర డొల్లగా మోగుతుంది. కొబ్బరికాయ ఏరేటప్పుడు తట్టి చూస్తాం చూడండి, అదే విద్య. సుత్తి వద్దు, రాయితో కొట్టడమూ వద్దు. డొల్లగా మోగిన పొర వాలు మీద ఉంటే దాని మీద నిలబడొద్దు, ముఖ్యంగా వాన తర్వాత. ఫొటో కోసం జారిపోయేది అక్కడే.

పొర కింద సందులో వేలు పెట్టకుండా టార్చి వేసి చూడండి. తేళ్లు, జెర్రులు ఉండే చోటది. సందులో ముతక ఇసుక కనిపిస్తుంది. అది గాలికి కొట్టుకొచ్చినది కాదు, అదే రాయి పొడి. ఫెల్‌స్పార్‌ను నీళ్లు మెల్లగా బంకమట్టిగా మారుస్తాయి. క్వార్ట్జ్ మారదు, గింజలుగా రాలుతుంది. నల్ల ఖనిజాల్లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రగా అవుతుంది. బంక, ఇసుక, తుప్పు కలిస్తే ఏమవుతుందో మీ నాన్నగారిని అడగండి, ఎర్రనేల అని ఒక్క మాటలో చెబుతారు. ఆయన బావి తవ్వించి ఉంటే మిగతాది కూడా ఆయనే చెబుతారు: పైన మట్టి, కింద గరుసు, ఆ కింద చేత్తో నలిపితే పొడయ్యే కుళ్లురాయి, చివరికి గునపం మోగే బండ. ఈ వరుసంతా నిలువునా చూడాలంటే అడవి కూడా అక్కర్లేదు. కనకపుర రోడ్డు పొడవునా అపార్టుమెంట్ల బేస్‌మెంట్లకి తవ్విన గుంతలున్నాయి. ఫుట్‌పాత్ మీద నిలబడి కంచె సందులోంచి చూస్తే చాలు. పైనున్న ఎర్రమట్టిలో ఒక సెంటీమీటరు తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. జేసీబీ తొట్టెలో ఒక్కసారికి ఎంత లేస్తుందో పక్కనే కనిపిస్తుంది.

బండ నెత్తిన గిన్నెల్లాంటి గుంటలు చూసే ఉంటారు. మనవైపు దొనలు అంటారు. ఎక్కడో చిన్న పల్లంలో నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట రాయి మిగతా చోట్లకంటే త్వరగా కుళ్లుతుంది, గుంట పెరుగుతుంది, ఇంకా ఎక్కువ నీళ్లు నిలుస్తాయి. చుట్టూ ఉన్న బండ ఒక మిల్లీమీటరు అరగడానికే వందల ఏళ్లు పట్టొచ్చు, గుంట మాత్రం తన పని తానే పెంచుకుంటూ పోతుంది. అక్టోబరులో నిండా నీళ్లు, ఫిబ్రవరిలో పగుళ్లిచ్చిన బురద, ఏప్రిల్‌లో దుమ్ము. స్కేలుతో లోతు కొలిచి రాసుకోండి. గుంట లోతు మీ జీవితంలో మారదు, అందులో చేరే మట్టి మందం మాత్రం మారుతుంది. మట్టి రెండంగుళాలు దాటిన దొనలో గడ్డి, ఇంకా పైబడితే పొద కనిపిస్తుంది. ఒకే బండ మీద ఖాళీ దొన, గడ్డి దొన, పొద దొన మూడూ దొరికితే వరుసగా ఫొటోలు తీయండి. వేల ఏళ్ల కథ మూడు ఫొటోల్లో వస్తుంది.

రాతిపువ్వు. మీ వంటింట్లో మసాలా డబ్బాలో ఉండేదే. బిర్యానీలో వేసే ఆ నల్లటి, తేలికపాటి ముక్క లైకెన్ అని చాలామందికి తెలియదు, పువ్వు అనే అనుకుంటారు. కన్నడంలోనూ కల్లుహూవు అనే అంటారు. అది మొక్క కాదు, ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి పెట్టుకున్న ఉమ్మడి కాపురం. నాచు ఎండతో తిండి వండుతుంది, శిలీంధ్రం ఇల్లు కడుతుంది, తేమ పట్టి ఉంచుతుంది. శిలీంధ్రం వదిలే ఆమ్లాలు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి.

బండ మీద రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. రాతికి రంగు పూసినట్టు, గోరుతో లేవకుండా అంటుకుని ఉండేది పొలుసు రకం. అంచులు ఆకుల్లా లేచి ఉండేది ఆకు రకం. పొలుసు రకం పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఆకు రకం కొన్ని మిల్లీమీటర్ల దాకా పెరగొచ్చు. కాబట్టి అరచేతి వెడల్పున్న పొలుసు మచ్చ కనిపిస్తే అది మీకంటే పెద్దదే అయి ఉంటుంది.

కొలిచే పద్ధతి: మచ్చ పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫోన్ రాతికి సమాంతరంగా పట్టి, నాణెం మచ్చ రెండూ ఫ్రేములో పడేలా తీయండి. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ఫోన్ వాలితే గుండ్రటి మచ్చ కోడిగుడ్డులా వస్తుంది, కొలత తప్పుతుంది. ఒకసారి తడిగా, ఒకసారి పొడిగా ఉన్నప్పుడు తీస్తే రంగు, అంచు రెండూ మారిపోతాయి, పెరిగిందని భ్రమ పడతారు. రెండు మచ్చలు కలిసిపోయిన చోటును ఎంచుకుంటే వయసు లెక్క మొత్తం తప్పు. విడిగా, గుండ్రంగా ఉన్న మచ్చే తీసుకోండి. ఇంకో మాట, పొలుసు రకంలో ఏడాది తేడా మీ కొలత పొరపాటులోనే కలిసిపోతుంది. మూడేళ్లకి గానీ నమ్మకంగా చెప్పలేరు. ఏడాదిలోనే ఏదో ఒకటి తేలాలనుకుంటే ఆకు రకాన్ని ఎంచుకోండి.

ఓపిక లేని రోజుకి ఒక కిటుకు. బెంగళూరు చుట్టూ చాలా బండల మీద పూర్వం రాళ్లు కొట్టిన గుర్తులుంటాయి: వరుసగా చీల గుంటలు, వాటి వెంట తెగిన చదును ముఖం. తెగిన ముఖం లేత బూడిద రంగులో ఉంటుంది, తెగని ముఖం నల్లబడి, మచ్చలతో నిండి ఉంటుంది. తెగిన ముఖం మీద అతి పెద్ద మచ్చ ఎంతుందో, తెగని ముఖం మీద ఎంతుందో కొలవండి. అడవి కాలం ఎంత పొడవో ఆ రెండు అంకెల మధ్య తెలుస్తుంది. బండల మీద పేర్లు చెక్కి కింద సంవత్సరం వేసే మహానుభావుల్ని ఎంత తిట్టినా తక్కువే గానీ, వాళ్లు తెలియకుండా ఒక ఉపకారం చేశారు: తేదీ తెలిసిన ముఖం ఇచ్చారు. చెక్కిన గాట్లలో ఏమైనా మొలిచిందేమో చూడండి. పెయింటు రాతలు పనికిరావు, రంగే అడ్డు.

బండ మీద వాన నీరు జారే దారుల్లో నల్లటి చారలుంటాయి, మురికి అనుకుంటారు. అది కూడా ప్రాణమే, నీలి ఆకుపచ్చ నాచు. ఎండిపోయి నల్లగా పడి ఉన్న మాస్ (పాచిలా పరుచుకునే చిన్న మొక్క) దగ్గర సీసా మూతెడు నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు ఆగండి. కళ్ల ముందే పచ్చబడుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే మొదట ఇది చూపించండి, మిగతా గంట మీ మాట వింటారు.

చెట్టు దగ్గర లావు చూసి మోసపోవద్దు. అడవి నడకల్లో అందరూ చేసే తప్పు ఇదే. దారి పక్కన ఉన్న నీలగిరి చెట్టు పదిహేనేళ్లకే రెండు చేతుల్లో ఇమడనంత అవుతుంది. దాని పక్కన మోకాలెత్తు పొదలా ఉన్న మోదుగ వేరు మీ తాతగారి కాలం నాటిది కావచ్చు. ఈ అడవులు తరతరాలుగా వంటచెరుకుకి నరికినవి. పైన నరికినా, మేకలు మేసినా, మంట వచ్చినా మోదుగ, తునికి లాంటివి వేరు నుంచి మళ్లీ చిగురిస్తాయి. కాబట్టి కొమ్మ వయసు వేరు, వేరు వయసు వేరు. గుర్తుపట్టడం ఎలాగంటే, నేల మట్టం దగ్గర చూడండి. ఒకే మొదలు నుంచి మూడు నాలుగు సన్న కాండాలు లేస్తూ, వాటి మధ్య పాత నరుకు తాలూకు కుళ్లిన మోడో, గట్టి బుడిపో ఉంటే అది పాత ప్రాణం. దీన్ని ఆనవాలుగా తప్పకుండా పెట్టుకోండి. అడవి ఓర్పు అంటే ఏమిటో ఎత్తైన చెట్టు కంటే ఇదే బాగా చూపిస్తుంది.

చుట్టుకొలత తీయాలంటే దర్జీ టేపు చాలు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కొలవడం మన అటవీ శాఖల అలవాటు. ప్రతిసారీ ఎత్తు కొలవనక్కర్లేదు, మీ ఒంటి మీద అది ఎక్కడికి వస్తుందో, చొక్కా జేబుకా భుజానికా, ఒకసారి చూసుకోండి. వాలు నేల మీద ఎగువ వైపు నుంచి ఎత్తు తీసుకోండి. టేపు బిగువుగా, అడ్డంగా, మెలి పడకుండా. మేకు కొట్టొద్దు, రంగు పూయొద్దు. మన ఎండు అడవుల్లో చెట్టు చుట్టుకొలత ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, మంచి వానల ఏడాది సెంటీమీటరు దాటొచ్చు. వానలో బెరడు ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకుంటుంది కాబట్టి అక్టోబరు కొలతను ఏప్రిల్ కొలతతో పోల్చొద్దు. ఏటా ఒకే నెలలో కొలిచినదే లెక్క. చుట్టుకొలతను చూసి వయసు చెప్పే సూత్రాలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి, చల్లటి దేశాల చెట్లకి కట్టినవి. మనవైపు చాలా చెట్లకి ఏడాదికో వలయం అనే క్రమమే సరిగా ఉండదు. టేకు మినహాయింపు, దాని వలయాలు చాలావరకు లెక్కపెట్టొచ్చు.

చందనం మొక్క కనిపిస్తే చూసి ఆనందించండి, దాని వేర్లు పక్క చెట్ల వేర్లను పట్టుకుని కొంత ఆహారం లాగుతాయని నాన్నగారికి చెప్పండి, లొకేషన్ మాత్రం ఎక్కడా పెట్టకండి. ఎందుకో చెప్పక్కర్లేదు.

మర్రి గురించి రాయకపోతే కదిరి వాళ్లు ఊరుకోరు. తిమ్మమ్మ మర్రిమాను మీ నాన్నగారు ఎన్నిసార్లు చూశారో. దాదాపు ఐదెకరాల మీద పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. బెంగళూరు దగ్గర రామోహళ్లి దొడ్డ ఆలద మర సుమారు మూడెకరాలు, వయసు 400 ఏళ్ల దాకా చెబుతారు. అక్కడ వెతకాల్సింది మొదలు కోసం. దొరకదు. అసలు మాను తెగులుతో ఎప్పుడో పోయింది. ఊడలే మానులై చెట్టును మోస్తున్నాయి. ఊడను వయసుల వారీగా చూడండి. గాల్లో వేలాడేది దారంలా, మెత్తగా ఊగుతుంది. నేల తాకిందంటే బిగుసుకుంటుంది, వేలితో మీటితే తీగలా ఉంటుంది. ఆ తర్వాతే లావెక్కడం మొదలు. ఒకే కొమ్మ కింద ఊగే ఊడ, బిగిసిన ఊడ, స్తంభమైన ఊడ మూడూ పక్కపక్కన ఉంటాయి. కింద సిమెంటు పోసిన చోట ఊడ నేలను అందుకోలేక చివర కుచ్చులా ఆగిపోతుంది, ఆ పైన కొమ్మకి ఆసరా ఉండదు, పెనుగాలికి విరిగేది అదే. చెట్టుకి అరుగు కట్టి మేలు చేశామనుకునేవాళ్లు ఇది ఒకసారి చూడాలి.

అంత దూరం వెళ్లలేని నెలలో మీ వీధిలోనే ప్రహరీ మీద మొలిచిన రావి మొక్కను పెట్టుకోండి. వేరు గోడను తొలచదు. పిట్ట రెట్టలో పడ్డ గింజ మొలిచి, వెంట్రుకంత వేరు అప్పటికే ఉన్న పగులులోకే దూరుతుంది. తర్వాత ఏడాదికేడాది లావెక్కుతుంది, గాలికి పైన మొక్క ఊగినప్పుడల్లా గునపంలా ఎత్తుతుంది. పగులుకి అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు చుక్కలు సరిగ్గా 50 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, నెలనెలా స్కేలుతో కొలవండి. అడవి చేసే పని ఇంటి గుమ్మంలో అంకెల్లో దొరుకుతుంది. ఇంటివాళ్లకి మాత్రం పగులు పెరుగుతోందని చెప్పి మొక్క తీయించండి.

పుట్ట దగ్గర నాన్నగారిని ముందు ఉండనివ్వండి, ఆయనకి మీకంటే ఎక్కువ తెలుసు. సామెతలో చీమలు పెట్టిన పుట్టలు అన్నారు గానీ పెట్టేది చెదలు. లోపలి మట్టిని గుళికగుళికగా ఉమ్మితో తడిపి, పైకి తెచ్చి అంటిస్తాయి. అడుగున కూర్చున్న మట్టిని పైకి తేవడం అడవిలో ఎవరో ఒకరు చేయాలి కదా, ఆ కూలి వీటిది. లోపల ఒక శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. వానలకి అదే బయటికి గొడుగులు ఎత్తుతుంది, పుట్టగొడుగు అన్న మాట అక్కడిదే. తినే సాహసం చేయొద్దు, పోలికలు మోసం చేస్తాయి. మే నెల తొలి వానల తర్వాత వెళ్తే తడి ఆరని ముదురు రంగు మట్టి అతుకులు కనిపిస్తాయి, అది కొత్త మరమ్మతు. ఉసిళ్లు లేచేదీ అప్పుడే. పుట్ట ఎత్తుకి ఆనవాలుగా పక్కన మీ చేతికర్ర నిలబెట్టి ఫొటో తీయండి, దాన్ని తాకకుండా. రంధ్రాల్లో చెయ్యీ, పుల్లా పెట్టొద్దు. సామెతలో పాములు అన్నమాట మాత్రం నిజం.

ఇప్పుడు ఒక అభ్యంతరం. "ప్రకృతి అన్నిటినీ తట్టుకుంటుంది, చివరికి అదే గెలుస్తుంది" అని నడకల్లో ఎవరో ఒకరు అంటారు. ఇది ఓదార్పు మాట, నిజం కాదు. నిదానంగా కట్టేదానికి నిదానంగా వచ్చే దెబ్బలను తట్టుకునే శక్తే ఉంటుంది. 300 కోట్ల ఏళ్ల రాయిని క్వారీలో ఒక మధ్యాహ్నం పేలుడుతో కంకర చేస్తారు. దీన్ని కూడా మీ ఆనవాళ్లలో పెట్టుకోండి. సైకిళ్లు, బైకులు తిరిగిన వాలు దారిలో చెట్టు వేర్లు నేల పైకి తేలి ఉంటాయి. వేరు తన కాలంలో మట్టి లోపలే పుట్టింది, అంటే ఇప్పుడు వేరు పైభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కనీసం అంత మట్టి ఆ చోట కొట్టుకుపోయింది. స్కేలు నిలబెట్టి కొలవండి. ఎనిమిది సెంటీమీటర్లు వస్తే, పైన చెప్పిన వందల ఏళ్ల లెక్కతో గుణించుకోండి. సెప్టెంబరు, అక్టోబరు పెద్ద వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే ఒక్క సీజన్ తేడా తెలుస్తుంది. మీరు నడిచేటప్పుడు బురద తప్పించుకోవడానికి అంచు మట్టి మీదకి వెళ్లకండి, దారి వెడల్పయ్యేది అలాగే. రాయి ఉంటే రాతి మీద, లేదంటే బురదలోనే.

నెలల సంగతి క్లుప్తంగా. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి బండలు, కాండాలు బాగా కనిపిస్తాయి, మోదుగ పూస్తుంది. ఏప్రిల్‌లో కానుగ చిగురు. అక్టోబరులో రాలిన ఆకు కుళ్లి నేలలో కలవడం చూడొచ్చు: పై ఆకు ఆకులా, దాని కింద ఈనెలు మాత్రం మిగిలిన జల్లెడలా, అడుగున నల్లటి పొడి. పుల్లతో మెల్లగా ఎత్తి చూసి మళ్లీ కప్పేయండి. డిసెంబరు ఉదయాల మంచుకి రాతిపువ్వు ఉబ్బి అందంగా ఉంటుంది. నాకు నచ్చే నెల అక్టోబరు, కానీ తడి బండలు నాన్నగారికి మంచివి కావు, ఆయనతో జనవరి వెళ్లండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: దర్జీ టేపు, 15 సెంటీమీటర్ల స్కేలు, పది రూపాయల నాణెం, పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, పెన్సిల్ (పెన్ తడిస్తే రాయదు), నోట్‌బుక్, టార్చి, మనిషికి లీటరున్నర నీళ్లు. కాళ్లు కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు. సెంటు పూసుకోవద్దు, కొండ చరియల్లో పెద్ద తేనెపట్టులుంటాయి. తురహళ్లిలో చిరుతలు కనిపించిన సందర్భాలున్నాయి కాబట్టి ఒంటరిగానూ, చీకటి పడేవేళా వద్దు. బన్నేరుఘట్ట అడవిలోకి మీ అంతట మీరు నడిచి వెళ్లడానికి లేదు, ఏనుగుల చోటు. సావనదుర్గ లాంటి చోట్లకి అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్, సమయాలు ముందే చూసుకోండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న పెద్దాసుపత్రికి చేర్చడమే పని.

చెన్నైలో ఉండి ఇది చదివేవాళ్లకి: మీకు బండ కావాలంటే పరంగిమలై, అదీ జాతీయ భూగర్భ స్మారకమే, రాయి పేరు చార్నోకైట్. మర్రి కావాలంటే అడయార్ దివ్యజ్ఞాన సమాజం తోట. ఆ మర్రి అసలు మాను 1989 తుఫాను గాలికి పడిపోయింది, ఊడలతో చెట్టు నిలిచింది. ప్రవేశ వేళలు కనుక్కుని వెళ్లండి.

చివరగా యాప్ సంగతి. పేర్లు తెలుసుకోవడానికి ఐనాచురలిస్ట్ బాగా పనికొస్తుంది, లైకెన్ల విషయంలో మాత్రం దాని ఊహను నమ్మకండి. మీ పనికి అసలు కావాల్సింది ఫోన్ కెమెరా, ఒక ఫోల్డరు. ప్రతి ఆనవాలుకి ఒక నంబరు ఇచ్చి, ఫైలు పేరులో నంబరు, తేదీ పెట్టండి. గత నెల ఫొటోను ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, అదే కోణంలో కొత్తది తీయండి. ఇంట్లోవాళ్లకి పంపిన వాట్సాప్ కాపీని దాచుకుని అసలు ఫొటో తీసేయకండి, కాపీలో సైజు తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు కూడా పోతాయి. రెండేళ్ల తర్వాత నాణెం అంచు మసకగా కనిపిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు.